ఆర్కిడ్ల పుట్టిల్లు ఏది? రెండు లెక్కల మధ్య చిక్కుకున్న ఒక సందేహం

నర్సీపట్నం టీచర్ అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేసినదాన్ని. పోయిన వేసవిలో పాడేరు వైపు బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు, వాళ్ళ పెరట్లోని ముసలి మామిడి చెట్టు కొమ్మ మీద, తెల్లని లావుపాటి వేళ్ళను గాలిలోకి వేలాడేసుకుని పూసిన ఒక మొక్కను చూశాను. రేకుల మీద పసుపు కలిసిన గోధుమరంగులో గళ్ళ లుంగీ నేతలాంటి అల్లిక, మధ్యలో పెదవిలాంటి ఊదారంగు రేకు, ముఖం దగ్గరగా పెడితే సన్నని తీపి వాసన. ఆ ఇంటి పెద్దావిడ దాన్ని బదనిక అన్నారు. ఫోటో చూసిన నా పాత విద్యార్థి ఒకడు అది వాండా టెస్సెల్లేటా అనే ఆర్కిడ్ అనీ, ఒకప్పుడు సామర్లకోటలో ఉండి పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ దానిని 1795లో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో బొమ్మతో సహా వర్ణించాడనీ చెప్పాడు. టెస్సెల్లేటా అంటే గళ్ళు గళ్ళుగా ఉన్నది అని అర్థమట. పేరు పెట్టినవాడు పువ్వును సరిగ్గానే చూశాడనిపించింది.

అప్పటినుంచి ఆర్కిడ్ల గురించి దొరికినదల్లా చదువుతున్నాను. ప్రపంచంలో సుమారు 28,000 జాతులు, 750 దాకా ప్రజాతులు, అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉనికి. ఇంతవరకు బాగానే అర్థమైంది. చిక్కు వచ్చింది పుట్టుక దగ్గర. ఒక చోట ఆర్కిడ్లు 11.2 కోట్ల సంవత్సరాల క్రితం ఆస్ట్రేలియాలో పుట్టాయని ఉంది. మరో చోట 8.3 కోట్ల సంవత్సరాల క్రితం ఉత్తరార్ధగోళంలో పుట్టాయని ఉంది. మధ్యలో దాదాపు మూడు కోట్ల ఏళ్ళ తేడా, పైగా భూగోళంలో ఒక సగానికీ ఇంకో సగానికీ మధ్య ఉన్నంత దూరం. రెండూ శాస్త్రవేత్తల మాటలే అయినప్పుడు ఏది నమ్మాలి?

ఇంకో ఊహ కూడా నన్ను వదలడం లేదు. భారత ఫలకం గోండ్వానా అనే పాత దక్షిణ మహాఖండం నుంచి విడివడి, పడవలాగా సముద్రం దాటి వచ్చి ఆసియాను ఢీకొట్టిందని నలభై ఏళ్ళు పిల్లలకు చెప్పాను. ఆ పడవ ఎక్కి ఆర్కిడ్లు కూడా వచ్చి ఉండవచ్చా? ఆ మామిడి కొమ్మ మీది వాండా ముత్తాతలు మనతోపాటే ప్రయాణం చేశారా? తెలిసినవారు కొంచెం ఓపికగా వివరిస్తే కృతజ్ఞురాలిని.

కేసరం_కీలాగ్రం:

టీచర్ గారికి నమస్కారం. నేను వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. నా పని ఆర్కిడ్ల మీద కాకపోయినా ఏకదళబీజాల వంశవృక్షాల మీదే కనుక చెప్పగలిగినంత చెబుతాను. కొంచెం పొడుగు అవుతుంది.

ముందుగా మీరు చదివిన రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు, ఎందుకంటే అవి రెండు వేర్వేరు సంఘటనల తేదీలు. ఒక ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు వేరుపడిన సంవత్సరం ఒకటి ఉంటుంది. వాళ్ళలో ఒక అన్న వైపు ఇప్పుడు బతికి ఉన్న వారసులందరికీ ఉమ్మడిగా తగిలే తాత పుట్టిన సంవత్సరం ఇంకొకటి ఉంటుంది. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఎన్ని తరాలైనా గడిచి ఉండవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, ఆస్పరాగస్, కలబంద ఉన్న క్రమం నుంచి ఆర్కిడ్ల కొమ్మ చీలిన కాలం 11.2 కోట్ల ఏళ్ళని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ గివ్నిష్ బృందం 2015, 2016ల్లో లెక్కగట్టింది. అదే బృందం లెక్కలో, ఇప్పుడున్న ఆర్కిడ్లన్నీ ఏ ఉమ్మడి పూర్వీకం నుంచి వచ్చాయో దాని కాలం సుమారు 9 కోట్ల ఏళ్ళు. లండన్‌లోని క్యూ వృక్షశాస్త్ర ఉద్యానవనానికి చెందిన ఆస్కార్ పెరెజ్-ఎస్కోబార్, ఆయన సహచరులు 2024లో ప్రకటించిన 8.3 కోట్ల ఏళ్ళు ఈ రెండో సంఘటన తేదీయే. అంటే పోల్చవలసినవి 9, 8.3. డీఎన్ఏ మార్పుల వేగం ఆధారంగా వేసే ఇటువంటి అంచనాల్లో ఆ పాటి తేడా తేడా కిందికి రాదు. కాలం విషయంలో ఇద్దరూ దాదాపు ఒకే మాట అంటున్నారు. రాక్షసబల్లులు ఇంకా తిరుగుతున్న క్రిటేషియస్ యుగపు చివరి భాగం అది.

ఈ అంచనాలకు ఆధారం ఏమిటన్నది తప్పకుండా అడగవలసిన ప్రశ్న, ఎందుకంటే ఆర్కిడ్లకు శిలాజాలు దాదాపు లేవు. చాలా మొక్కల పుప్పొడి గాలిలో ఎగిరి చెరువుల అడుగున బురదలో పేరుకుని కోట్ల ఏళ్ళు నిలుస్తుంది. ఆర్కిడ్లలో అత్యధిక భాగం తమ పుప్పొడిని పొడిగా వదలవు. పోలీనియం అనే ముద్దగా కట్టి, పురుగు ఒంటికి అంటించి పంపుతాయి. పైగా వీటికి కలప ఉండదు, చాలావాటికి గింజ ధూళికణమంతే. అటువంటి మొక్క శిలలో ముద్ర వదలాలంటే అదృష్టం కలిసి రావాలి.

ఆ అదృష్టం 2007లో ఒకసారి బయటపడింది. డొమినికన్ రిపబ్లిక్‌లో దొరికిన అంబరులో, అంటే గట్టిపడిన చెట్టు బంకలో, కొండి లేని తేనెటీగ ఒకటి చిక్కుకుని ఉంది. దాని వీపు మీద ఆర్కిడ్ పుప్పొడి ముద్ద అంటుకుని ఉంది. పూవు లేదు, ఆకు లేదు. ఒకటిన్నర నుంచి రెండు కోట్ల సంవత్సరాల క్రితం ఒక పని ఈగ మోసుకుపోతూ మధ్యలో ఆగిపోయిన ఉత్తరం మాత్రమే ఉంది. సాంటియాగో రామిరెజ్, ఆయన సహచరులు ఆ ఆర్కిడ్‌కు మెలియోర్కిస్ కరీబియా అని పేరు పెట్టి, అది వంశవృక్షంలో ఏ కొమ్మకు చెందుతుందో ముద్ద ఆకారాన్ని బట్టి నిర్ణయించి, ఆ తేదీని మేకులాగా దిగగొట్టి మిగిలిన చెట్టుకంతా వయసు కట్టారు. వాళ్ళకు వచ్చిన జవాబు 7.6 నుంచి 8.4 కోట్ల సంవత్సరాలు. ఆ తరువాత న్యూజీలాండ్‌లోని ఒటాగో ప్రాంతంలో, మయోసీన్ యుగారంభం నాటి, అంటే సుమారు 2.3 కోట్ల ఏళ్ళ కిందటి సరస్సు అడుగు మట్టిలో డెండ్రోబియం, ఇయరీనా ప్రజాతుల ఆకుల శిలాజాలు దొరికాయని 2009లో ప్రకటించారు. 2017లో బాల్టిక్ అంబరులో ఇంకా పాతదైన పుప్పొడి ముద్ద ఒక చిన్న దోమజాతి పురుగు కాలికి అంటుకుని కనిపించింది. లెక్కలకు ఆధారంగా దిగిన మేకులు ఈ కొద్దిపాటివే. కాబట్టి ఎవరైనా లక్షల ఏళ్ళ వరకూ ఖచ్చితంగా చెబితే నేను కొంచెం వెనక్కి జరిగి కూర్చుంటాను.

ఇక చోటు సంగతి. నిజమైన తగాదా ఇక్కడ ఉంది. గివ్నిష్ బృందం ప్రకారం ఆర్కిడ్ల వంశం ఆస్ట్రేలియాలో మొదలై, అప్పటికి అడవులతో వెచ్చగా ఉన్న అంటార్కిటికా మీదుగా దక్షిణ అమెరికాకు పాకింది; ఆ మూడు భూభాగాలూ అప్పుడు దగ్గర దగ్గరగా ఉన్నాయి. పెరెజ్-ఎస్కోబార్ బృందం అంతకంటే చాలా ఎక్కువ జాతుల డీఎన్ఏ తీసుకుంది, సుమారు 1,900 జాతులు. వాళ్ళ జవాబు లారేషియా, అంటే నేటి ఉత్తర అమెరికా, యూరప్, ఆసియా కలిసి ఉన్న ఉత్తర భూభాగం. నాకు రెండోదే బలంగా కనిపిస్తోంది, కానీ ఒక హెచ్చరికతో. ఇటువంటి లెక్కలు ఇప్పుడు ఏ కొమ్మ ఎక్కడ బతుకుతోందో చూసి గతంలోకి నడుస్తాయి. గుంటూరులో ఎంత మిరప పండినా, మిరప మనకు అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసుల కాలంలో వచ్చిందే కదా. ఆ చరిత్ర తెలియనివాడు ఇప్పటి పొలాలను లెక్కపెట్టి మిరప పుట్టిల్లు గుంటూరేనని తేల్చవచ్చు. ఉత్తరాన ఉండి చలికాలాలు వచ్చినప్పుడు పూర్తిగా అంతరించిన పాత కొమ్మలు లెక్కలోకి రావు.

మీ పడవ ఊహ నాకు నచ్చింది గానీ, దానిని కాపాడలేకపోతున్నాను. ఆస్ట్రేలియా, అంటార్కిటికాల నుంచి భారత ఫలకం సుమారు 13 కోట్ల ఏళ్ళ క్రితమే విడిపోవడం మొదలుపెట్టింది. మడగాస్కర్ నుంచి విడివడింది దాదాపు 8.8 కోట్ల ఏళ్ళ క్రితం. ఆసియాను తాకింది 5 కోట్ల ఏళ్ళ క్రితం ప్రాంతంలో. ఆర్కిడ్లు ఆస్ట్రేలియా వైపు పుట్టాయనుకుంటే, అవి పుట్టేసరికే మన పడవ రేవు వదిలేసింది. లారేషియాలో పుట్టాయనుకుంటే, అప్పటికి మన పడవ నడిసముద్రంలో ఒంటరిగా ఉంది. రెండు లెక్కల్లోనూ మనకు చోటు దొరకలేదు. మీ మామిడి కొమ్మ మీది వాండా సంగతి ఇంకా స్పష్టం. ఆ ప్రజాతి భారతదేశం, శ్రీలంకల నుంచి ఆగ్నేయాసియా మీదుగా న్యూగినీ, ఉత్తర ఆస్ట్రేలియా దాకా వ్యాపించి ఉంది. దాని చుట్టాలందరూ తూర్పున ఉన్నారు. ఫలకం ఢీకొన్న చాలా కాలానికి, భూమి మీదుగానూ గాలి మీదుగానూ వచ్చిన అతిథి అది.

తాటితోపు:

చిన్న సవరణ. మా వైపు చెట్టు మీద చెట్టు మొలిస్తే చాలు, అన్నిటినీ బదనిక అనే అంటారు. కానీ మామిడి కొమ్మలోకి వేరు దించి రసం పీల్చే అసలైన బదనిక వేరు, వాండా వేరు. వాండా వేళ్ళు కొమ్మను పట్టుకోవడానికే తప్ప తినడానికి కాదు. వాటి మీద వెలామెన్ అనే తెల్లని స్పాంజి పొర ఉంటుంది. ఎండలో వెండిలా ఉండే ఆ వేరు మీద చెంబెడు నీళ్ళు పోసి చూడండి, నిమిషంలో పచ్చగా మారుతుంది. వానచుక్కనూ, కొమ్మ మీదుగా జారే నీటిలోని ధూళినీ పట్టుకుని బతికే వృక్షోపజీవి అది, పరాన్నజీవి కాదు. మా తాటిచెట్ల మట్టల సందుల్లో పెరిగే సింబిడియం అలోయిఫోలియం కూడా అంతే. ఈ పొరపాటు వల్ల మా ఊళ్ళో తోట శుభ్రం చేసేటప్పుడు వాండాలను కూడా కొడవలితో గీకి పారేస్తున్నారు కాబట్టి చెప్పవలసి వచ్చింది.

నర్సీపట్నం టీచర్:

అన్నదమ్ములు వేరుపడిన ఉపమానంతో సగం చిక్కు విడిపోయింది, ధన్యవాదాలు. నలభై ఏళ్ళ పడవ కథకు ఆర్కిడ్లను ఎక్కించే అవకాశం పోయినందుకు కొంచెం బాధగానే ఉంది. తాటితోపు గారూ, నేను కూడా నీళ్ళు పోసి చూస్తాను.

ఇంకో సందేహం మిగిలింది. గింజ ధూళికణమంతే అన్నారు. అలాంటప్పుడు గాలికి ఎక్కడికైనా పోగలిగిన మొక్క, ప్రతి కొండకూ ప్రతి దీవికీ ఒకే రకంగా పరుచుకుని ఉండాలి కదా. మరి కొన్ని జాతులు ఒక్క లోయకే పరిమితమయ్యాయని ఎందుకు చదువుతున్నాను? వెనిల్లా కూడా ఆర్కిడే అంటారు, దాని గింజలు ఐస్‌క్రీములో నల్లగా గట్టిగా తగులుతాయి. అవి ధూళిలా లేవే?

గాజుసీసాల తోట:

టీచర్ గారూ, ఈ ప్రశ్న నా అన్నం గిన్నె ప్రశ్న. బెంగళూరు శివార్లలో చిన్న టిష్యూ కల్చర్ గది నడుపుతూ ఆర్కిడ్ గింజలను సీసాల్లో మొలిపిస్తాను.

పండిన వాండా కాయను నల్ల కాగితం మీద చీల్చి చూడండి. లేత పసుపు పిండి రాలుతుంది. ఊపిరి బిగపట్టకపోతే సగం ఎగిరిపోతుంది. అది పిండి కాదు, ఒక్కొక్క రేణువూ ఒక్కొక్క గింజ. కొన్ని జాతుల్లో ఒక్క గ్రాముకు పది లక్షల దాకా తూగుతాయి. భూతద్దం కింద పెడితే, వల లాంటి పలుచని సంచిలో మధ్యన కొద్దిపాటి కణాల ముద్ద తప్ప మరేమీ కనబడదు. వరిగింజలో మొలకకు తల్లి కట్టి ఇచ్చే అన్నం మూట, అంటే అంకురచ్ఛదం, ఇందులో లేదు. అంత తేలికగా ఎగరడానికి చెల్లించిన మూల్యం అది.

మూట లేని బిడ్డ ఎలా బతుకుతుంది? 1899లో నోయెల్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు అడవిలో ఒక ఆర్కిడ్ మొలకలను పరిశీలించి, ప్రతి మొలకలోనూ శిలీంధ్రపు దారాలు ఉన్నాయని గుర్తించాడు. గింజ పడిన చోట తులస్నెల్లా వంటి సరైన శిలీంధ్రం ఉండాలి. అది గింజలోకి చొరబడాలి. గింజ దానిని అరిగించుకుని, ఆ ఆహారంతో ఆకుపచ్చని చిన్న గుండులా ఉబ్బాలి. ఆకు వేసుకునేదాకా అదే దానికి పాలు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ శిలీంధ్రం లేకుండానే చక్కెర కలిపిన మాధ్యమంలో గింజలను మొలిపించి చూపించాక మావంటివారి వృత్తి పుట్టింది. అయితే చక్కెర పెట్టిన సీసా అంటే ఊళ్ళో ఉన్న బూజులన్నిటికీ పెళ్ళిభోజనమే. పోయిన వర్షాకాలంలో ఒక రాత్రి కరెంటు పోయి గాలి వడపోత ఆగిపోతే, నేను పట్టించుకోకుండా తలుపు తెరిచినందుకు నలభై సీసాలు తెల్లారేసరికి బూడిదరంగు దూదితో నిండిపోయాయి. మొలకకు కావలసిన బూజు ఒకటే. దాన్ని మింగేవి వంద.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. 1862లో డార్విన్ ఇంగ్లండు గడ్డి మైదానాల్లో పూసే మచ్చల ఆర్కిడ్ కాయలోని గింజలను లెక్కించి, ఒక్క మొక్క 1,86,300 గింజలు ఇస్తుందనీ, అన్నీ మొలిస్తే ఆ మొక్క మునిమనుమల తరానికి భూమి మీది నేల మొత్తం దాదాపుగా కప్పుకుపోతుందనీ అంచనా వేశాడు. కప్పుకుపోలేదు కదా. గాలి గింజను ఎక్కడికైనా దించుతుంది. కానీ అక్కడ శిలీంధ్రం ఉండాలి, కొమ్మ మీద తగినంత తేమ ఉండాలి, పెరిగి పూసిన తరువాత ఆ పువ్వు ఆకారానికి సరిపడే పురుగు ఉండాలి. మడగాస్కర్‌లో ఒక తెల్ల ఆర్కిడ్‌కు అడుగు పొడవైన తేనె గొట్టం ఉందని చూసి, అంత పొడవు నాలుక ఉన్న చిమ్మట ఉండి తీరాలని అదే డార్విన్ అన్నాడు. ఆ చిమ్మటను 1903లో వర్ణించారు. ఆ ఆర్కిడ్ గింజ ఒక తుపాను గాలికి మన తీరానికి వచ్చి మొలిచిందనుకున్నా, ఆ చిమ్మట లేని చోట అది పూలు పూసి ఎండిపోవడమే తప్ప కాయ కట్టదు.

హవాయి దీవుల సంగతే తీసుకోండి. ఎన్నో రకాల మొక్కలు సముద్రం దాటి చేరిన ఆ దీవుల్లో సొంత ఆర్కిడ్లు మూడంటే మూడే జాతులు. పూలదండల్లో, విమానాశ్రయాల్లో కనిపించేవన్నీ మనుషులు తెచ్చి పెంచినవే.

వెనిల్లా గురించి కేసరం గారు చెబితేనే బాగుంటుంది.

కేసరం_కీలాగ్రం:

వెనిల్లా ప్రశ్న చాలా మంచి చోట తగిలింది, ఎందుకంటే ధూళి గింజలు ఆర్కిడ్లకు పుట్టుకతో వచ్చినవి కాకపోవచ్చు.

ఆర్కిడ్ కుటుంబంలో ఐదు ఉపకుటుంబాలు ఉన్నాయి. అన్నిటికంటే ముందు విడిపోయింది అపొస్టేసియా, న్యూవీడియా అనే రెండే ప్రజాతులున్న చిన్న కొమ్మ. మన ఈశాన్య రాష్ట్రాల నుంచి జపాన్ దాకా, అక్కడి నుంచి కిందికి ఉత్తర ఆస్ట్రేలియా దాకా తడి అడవుల నేల మీద పెరుగుతుంది. చూపిస్తే ఎవరూ ఆర్కిడ్ అనరు. పెద్ద పెదవి రేకు లేదు. పుప్పొడి ముద్ద కట్టదు, మామూలుగా పొడిగానే ఉంటుంది. మిగిలిన ఆర్కిడ్లలో చాలావాటికి ఒక్క కేసరమే ఉంటే దీనికి రెండో మూడో ఉంటాయి. 2017లో చైనా పరిశోధకుల నాయకత్వంలో అపొస్టేసియా షెంజెనికా జన్యుపటం మొత్తం చదివినప్పుడు, మిగిలిన ఆర్కిడ్లలో పెదవి రేకుకూ పుప్పొడి ముద్దకూ సంబంధించిన కొన్ని జన్యువులు ఇందులో లేకపోవడమో తక్కువ కావడమో కనిపించింది. దీని తరువాత విడిపోయింది వెనిల్లా కొమ్మ. ఈ రెండు కొమ్మల్లోనూ గట్టి పెంకు ఉన్న నల్లని గింజలు కనిపిస్తాయి. జపాన్‌లో ఒక అపొస్టేసియా పళ్ళను కీచురాళ్ళు, వాటి చుట్టాలైన గంతులేసే పురుగులు తిని, గింజలను పెంటలో చెక్కుచెదరకుండా వదులుతున్నాయని 2020లో కెంజీ సుయెత్సుగు చూపించారు. అంటే తొలినాటి ఆర్కిడ్లు గాలికి ఎగరకుండా, పురుగు పొట్టలో ఎక్కి అడుగులో అడుగు వేసుకుంటూ నడిచి ఉండే అవకాశం గట్టిగానే ఉంది. ధూళి గింజ తరువాతి కొమ్మల ఆస్తి.

వెనిల్లా వందకు పైగా జాతులతో అమెరికా, ఆఫ్రికా, ఆసియా మూడింటి ఉష్ణమండలాల్లోనూ ఉంది. దానిని చూసి గోండ్వానా విడిపోయినప్పుడు ముక్కలైందని ఒకప్పుడు తేలికగా అనేవారు. వయసు లెక్కలు అందుకు ఒప్పుకోవు, సముద్రాలు దాటి వెళ్ళిన సందర్భాలు ఉండి తీరాలి. మనం తినే వెనిల్లా మాత్రం మెక్సికో ప్రాంతపు తీగ. మనుషులు దాన్ని హిందూ మహాసముద్రపు దీవులకు తీసుకువెళితే తీగ పెరిగింది, పూసింది, కాయలేదు. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ళ బానిస బాలుడు, పువ్వులోని అడ్డుపొరను పుల్లతో ఎత్తి బొటనవేలితో పుప్పొడిని అద్దే పద్ధతి కనిపెట్టాకే అక్కడ వెనిల్లా పంట అయింది. దక్షిణ భారతంలో తెల్లవారుజామున తోటల్లో చేస్తున్నదీ అదే. గాజుసీసాల తోట గారు చెప్పిన పురుగు షరతుకు ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

ఇంకొక మాట చెప్పకపోతే అసలు విషయం జారిపోతుంది. కుటుంబం పాతదే గానీ జాతులు పసివి. 2024 లెక్క ప్రకారం ఇప్పుడున్న ఆర్కిడ్ జాతుల్లో ఎక్కువ భాగం గడచిన 50 లక్షల సంవత్సరాల లోపు ఏర్పడినవే. కొత్త జాతులు అన్నిటికంటే వేగంగా పుట్టిన చోటు కోస్టారికా, పనామా ఉన్న దక్షిణ మధ్య అమెరికా. అక్కడ కొండలు పైకి లేచాయి. ఒక్కొక్క శిఖరం మేఘంలో మునిగిన ఒక దీవిలా మారింది. కొమ్మల మీదకు ఎక్కిన ఆర్కిడ్లు ఒక లోయకు ఒకటి చొప్పున విడిపోయాయి. ఆండీస్ పర్వతాల వెంట కూడా ఇదే కథ. లెపాంథెస్ అనే అతి చిన్న పూల ప్రజాతి ఒక్కదానికే వెయ్యికి పైగా జాతులు ఉన్నాయి. కాబట్టి ఎక్కడ పుట్టాయి అనే ప్రశ్నకు రెండు జవాబులు కావాలి. వంశం బహుశా ఉత్తరాన పుట్టింది. జాతుల జాతర మాత్రం ఉష్ణమండలపు కొండల మీద, మొన్న మొన్న జరిగింది. జాతులు ఎక్కువగా ఉన్న చోటే పుట్టిల్లు అనుకోవడం ఈ కుటుంబం విషయంలో పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది.

మన దేశంలోనూ అదే తీరు కనిపిస్తుంది. భారత వృక్షశాస్త్ర సర్వే 2019లో ప్రచురించిన లెక్కలో 155 ప్రజాతులకు చెందిన 1,256 జాతులు ఉంటే, ఒక్క అరుణాచల్ ప్రదేశ్‌లోనే 612 ఉన్నాయి. అది మయన్మార్, దక్షిణ చైనా అడవులకు అతుక్కుని ఉన్న, ఇంకా లేస్తూనే ఉన్న కొండల నేల. అయితే అందరూ తూర్పు నుంచే వచ్చారని కూడా అనకూడదు. పాలీస్టేకియా అనే ప్రజాతిలో అత్యధిక జాతులు ఆఫ్రికావే. అందులో కాంక్రెటా అనే ఒక్క జాతి మాత్రం ఇటు భారతదేశానికీ అటు అమెరికాకూ చేరింది. దాని డీఎన్ఏ చూస్తే ఆ ప్రయాణాలు ఖండాలు విడిపోయిన కాలంవి కావు, చాలా ఇటీవలివి. మన గడ్డినేలల్లో వానాకాలం లేచే యూలోఫియాకు కూడా చుట్టాలు ఎక్కువగా ఆఫ్రికాలోనే ఉన్నారు.

పెరటి గడ్డి (ఫ్లోరిడా):

నేను ఇరవై ఏళ్ళుగా అమెరికాలోని ఫ్లోరిడాలో ఉంటున్నాను. వృక్షశాస్త్రం చదువుకోలేదు, తోటపని పిచ్చి మాత్రం ఉంది. మీరందరూ కోట్ల ఏళ్ళ గురించి మాట్లాడుతున్నారు గానీ, ఆర్కిడ్లు వ్యాపించడం నేను గడ్డి కోసే యంత్రం వెనక నడుస్తూ చూస్తున్నాను.

ప్రతి శీతాకాలం చివర మా ఇంటి ముందు గడ్డిలో జానెడు ఎత్తు మొక్కలు లేస్తాయి. ఆకులు ఎర్రమట్టి రంగు కలిసిన పచ్చన, చివర తెల్లని చిన్న పూల కంకి, అందులో పసుపు పెదవి. నా భార్య కోనసీమ అమ్మాయి. దాన్ని చూడగానే మా పొలం గట్టు మీద ఇలాంటిదే చూశాను అంది. నేను నవ్వాను. తరువాత తెలుసుకుంటే అది జూక్సిన్ స్ట్రాటియుమాటికా, నిజంగానే ఆసియా మొక్క. మన వైపు తడి గట్ల మీదా చేల అంచుల్లోనూ పెరిగేదే. 1930ల్లో ఫ్లోరిడాలో కనిపించి, ఇప్పుడు పచ్చికల్లో కలుపు మొక్క అయింది. ఇక పెద్ద ఓక్ చెట్టు నీడలో మచ్చల ఆకులతో ఓయిసియోక్లేడ్స్ మాక్యులాటా ఉంది. అది ఆఫ్రికా నుంచి అమెరికా ఖండాలకు వచ్చి, 1970ల్లో ఇక్కడికి చేరింది.

గాజుసీసాల తోట గారు పెట్టిన షరతులు చదివాక నాకు ఒకటి తట్టింది. ఈ రెంటికీ పురుగు అక్కరలేదు. జూక్సిన్ పరాగసంపర్కం లేకుండానే గింజ కడుతుందట. ఆఫ్రికా మొక్క పువ్వులో వానచినుకు పడితే దాని తాకిడికే పుప్పొడి ముద్ద వంగి తన కీలాగ్రానికే అంటుకుంటుందని ప్యూర్టోరికోలో పరిశీలించారు. అంటే సముద్రాలు దాటి గెలుస్తున్నవి ఆ చిమ్మట కోసం ఎదురుచూసే అందగత్తెలు కావు, ఎవరి సాయమూ అడగని ఈ నీరసపు పూల మొక్కలు అన్నమాట. నా ఊహ తప్పయితే సరిచేయండి.

కేసరం_కీలాగ్రం:

తప్పు కాదు, బాగా పట్టుకున్నారు. కలుపు మొక్కలుగా మారిన ఆర్కిడ్లలో తనంతట తానే గింజ కట్టేవి ఎక్కువగా ఉండటం వృక్షశాస్త్రజ్ఞులు గమనించినదే. శిలీంధ్రం విషయంలో కూడా అవి అంత పేచీ పెట్టవు. దొరికిన దానితో సర్దుకుంటాయి. ఒక చిన్న చేర్పు మాత్రం చేస్తాను. డొమినికన్ అంబరులో తేనెటీగ వీపు మీద దొరికిన ఆర్కిడ్ ఏ వర్గానికి చెందిందని తేల్చారో, మీ గడ్డిలోని జూక్సిన్ కూడా ఆ గుడ్యేరా వర్గంలోదే. హవాయిలోని మూడు సొంత ఆర్కిడ్లలో ఒకటి సైతం అదే వర్గం. తేమ నేల మీద పాకే ఈ చిన్న మొక్కలు ప్రయాణాల్లో మొదటినుంచీ గట్టివే అనిపిస్తుంది. ఇది నా అభిప్రాయమే, ఎక్కడా నిరూపణ చదవలేదు.

నర్సీపట్నం టీచర్:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న పాడేరుకు ఫోను చేసి ఆ కొమ్మ మీది వేళ్ళ మీద చెంబుతో నీళ్ళు పోయించాను. పచ్చగా మారిందట. పెద్దావిడ మాత్రం అది బదనికేనని గట్టిగా చెప్పమన్నారు. కాయ కట్టిందా అని అడిగితే, కంకికి రెండు వేలాడుతున్నాయన్నారు. అవి పండితే నల్ల కాగితం తీసుకుని నేనే వెళతాను. గాజుసీసాల తోట గారూ, కాయ పగలకముందే కోయాలా, పగిలే దాకా ఆగాలా అన్నది ఒక్కటి చెప్పండి.

గాజుసీసాల తోట:

పసుపు తిరిగి, పక్క గాట్ల వెంట సన్నని చీలిక మొదలవబోతోందనిపించినప్పుడు కోయండి, పూర్తిగా పగలనివ్వకండి. పగిలాక ఒక్క గాలికి ఏమీ మిగలదు. వాండా కాయ పండటానికి నెలలు పడుతుంది కాబట్టి తొందర లేదు. ఒక కాయ మాత్రం కొమ్మ మీదే వదిలేయండి, టీచర్ గారూ. ఆ మామిడి బెరడు మీద ఒక వాండా పెరిగిందంటే, దాని గింజకు కావలసిన శిలీంధ్రం ఆ చుట్టుపక్కల ఉన్నట్టే.